కుర్చీకి కట్టిన సంచి

మా తోడికోడలు మంచిది. ఇది నా మాట కాదు, చిక్కడపల్లి అంతా అనే మాట. కూరగాయల మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆవిడ నా చేతిలో తోటకూర కట్ట పెడుతూ, చిన్నామె రాలేదా ఇయ్యాల, మంచి మనిషి ఆమె, అనేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆవిడ దగ్గర తోటకూర కొంటున్నది నేను. నా గురించి ఆవిడ ఎవరితోనైనా ఒక్క మంచి మాట చెప్పిందో లేదో నాకు తెలియదు.

అసూయ అంటారా, అసూయే. దానికి ఇంకో పేరు పెట్టి ముద్దు చేయడం నాకు చేతకాదు.

మాది గుంటూరు వైపు. మామగారు ఎప్పుడో ఉద్యోగం మీద వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. నేను ఇంటర్ అయిందనిపించుకుని, పెద్ద కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మా మరిది అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తూ, అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నల్గొండ అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఉద్యమం జోరుగా ఉన్న కాలమది. బంద్ అనగానే మా వీధిలో షట్టర్లు సగానికి దిగేవి. పెళ్లి కుదిరిన రోజునే మామగారు ఇంట్లో రాజకీయాలు మాట్లాడకూడదని నియమం పెట్టారు. అత్తగారు మాత్రం పెళ్లి పీటల దగ్గర కూడా ముఖం గంటు పెట్టుకునే ఉన్నారు. అది చూసి, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం ధైర్యంగా అనిపించింది.

ఆ ధైర్యం ఎన్నాళ్లో నిలవలేదు. ఏడాది తిరక్కుండా అత్తగారికి సాయంత్రమైతే సర్వపిండి కావాలి, అదీ చిన్న కోడలి చేత్తోనే కావాలి. నా పెసరట్టు నోట్లో పెట్టుకుని "బాగుందిలే" అనే మనిషి, సర్వపిండి గిన్నెకు అంటుకున్న మాడును కూడా గీకి తినేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంట్లో పుల్లకూర ఏకంగా వంటింట్లోకే కాపురానికొచ్చింది. పైగా ఆమె ఎమ్మే. పేపరు చదువుతూ మామగారు అర్థం కాని మాటలు ఆమెనే అడిగేవారు. ఎదురుగా నేను కూర్చుని ఉన్నా సరే.

నాకంటూ ఉన్నది కుట్టు మిషను. మొదట జాకెట్లు కుట్టేదాన్ని, తర్వాత సంచుల మీదికి మళ్లాను. జాకెట్టు కుట్టించుకున్నావిడ భుజం దగ్గర పట్టేసిందని పదిసార్లు వస్తుంది, సంచి అలా మాట్లాడదు.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో బస్సు దిగుతున్న అమ్మాయి భుజం మీది బ్యాగు పట్టీ తెగి, పుస్తకాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఏరి ఇవ్వడానికి వంగితే ఒక్కో పుస్తకం ఇటుకంత బరువుంది. అప్పటి నుంచి అశోక్‌నగర్ సందుల్లో ఆ పిల్లల్నే చూడటం మొదలుపెట్టాను. నడిచేటప్పుడు బ్యాగు ఒక భుజాన వేసుకుంటారు. బస్సులో వేలాడేటప్పుడు వీపుకి కావాలి. హాస్టల్ మెట్లు ఇరుకు, అక్కడ చేత్తో పట్టుకోవాలి. ఒకే సంచి ఈ మూడింటికీ పనికి రావాలంటే పట్టీ ఎలా ఉండాలన్న ఆలోచన నన్ను పట్టుకుంది. అన్నం వండుతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

మొదటి పట్టీ అటక మీది పాత మంచం నవారుతో కుట్టాను. అత్తగారు మంచం పాడు చేశానని గొడవ చేశారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, ఆ సంచి భుజాన వేసుకోగానే బోర్లా తిరిగి లోపల ఉన్నదంతా కక్కేది. సుల్తాన్ బజార్‌కి వెళ్లి గట్టి నైలాన్ నవారు, ఇనుప రింగులు తెచ్చుకున్నాను. రింగులు ముందు వైపు కుట్టడం తప్పని, వెనక వైపు కుట్టాలని తెలిసేసరికి కాన్వాసు చాలా ఖర్చయింది.

చివరికి కుదిరింది. సంచి వెనక పైభాగంలో పక్కపక్కన రెండు రింగులు. ఒకే పొడుగాటి నవారు కింది ఎడమ మూలలో మొదలై, ఆ రెండు రింగుల్లోంచి దూరి, కింది కుడి మూలకు చేరుతుంది. రింగుల మధ్య నవారును పైకి లాగితే పక్కలు బిగిసి ఒకే పెద్ద పట్టీ అవుతుంది, భుజాన వేసుకోవచ్చు. దాన్ని కిందికి వదిలితే రెండు పక్కలా రెండు పట్టీలు అవుతాయి, వీపుకి తగిలించుకోవచ్చు. ఆ పెద్ద పట్టీని మడిచి పట్టుకుంటే చేతి సంచి. మొత్తం ఒకే నవారు, మధ్యలో ఎక్కడా కోత లేదు. ఆ కోత లేకపోవడం నాకు గొప్పగా ఉండేది. చూసిన ప్రతివాళ్లకీ అదే చూపించేదాన్ని.

బరువుకు ఆగుతుందో లేదో చూడాలని లావుపాటి పుస్తకాలేవైనా ఉన్నాయా అంటే, మా తోడికోడలు తన గ్రూప్స్ పుస్తకాలన్నీ తెచ్చి కుప్ప పోసింది. వాటిని నింపుకుని మేడ మెట్లు ఎక్కీ దిగీ చూశాను. నా సంచి మోసిన మొదటి బరువు కూడా ఆమెదే, ఇప్పుడు తలచుకుంటే అదీ గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రం నేను ఇంట్లో కొంచెం తల ఎత్తుకుని తిరిగాను. ఆ ఇంట్లో చదువు ఆమెది, మాట ఆమెది, అత్తగారి సాయంత్రాలు ఆమెవి. సంచి ఒక్కటి నాది. ఇంకేమీ అక్కర్లేదు, ఇది ఒక్కటి పూర్తిగా నాదిగా ఉంటే చాలనుకున్నాను.

నారాయణగూడలో బ్యాగుల షాపాయన కొన్ని పెట్టి చూద్దామన్నాడు. అవి మెల్లగా అమ్ముడుపోతున్నాయి, అంటే అమ్ముడుపోవడం లేదనే. పెళ్లయ్యాక కూడా మా తోడికోడలు రోజూ అశోక్‌నగర్ రీడింగ్ హాల్‌కి వెళ్లి చదువుకునేది. నలుగురి కళ్లల్లో పడుతుందని ఒక సంచి ఆమెకిచ్చాను. ఎవరైనా అడిగితే మా అక్క కుట్టిందని చెప్పు అని కూడా అన్నాను.

వారం పోయాక ఒకరోజు నేను మిషను దగ్గర ఉండగా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచి మస్తుందని, వీపుకి అస్సలు బరువు తెలుస్తలేదని చెప్పింది. ఇలా పొగడ్తతో మొదలుపెట్టే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

"కాకపోతే అక్కా, పట్టీని నడిమిట్ల కోసి ఒక క్లిప్పు పెట్టాలె."

మిషను ఆపాను. "కోయడం ఏంటి?"

"కుర్చీకి కట్టనీకి."

అప్పుడు చెప్పింది ఆ హాల్ సంగతి. అక్కడ కుర్చీలు తక్కువ, చదివేవాళ్లు ఎక్కువ. పొద్దున తలుపు తీయగానే అందరూ ఉరికి బ్యాగుతో సీటు పట్టుకుంటారు. ఆ తర్వాతే స్నానాలు, టిఫిన్లు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టే జనం కదా, అదే అలవాటు. అయితే కుర్చీలో ఊరికే పెట్టిన బ్యాగును వెనకొచ్చినవాళ్లు తీసి కింద పెట్టేస్తారు. కట్టిన బ్యాగును మాత్రం ఎవరూ ముట్టరు. కట్టి ఉంటే మనిషి కూర్చున్నట్టే లెక్క. అది ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ, దాన్ని దాటితే హాల్ మొత్తం మీద పడుతుంది. ఆడపిల్లలు చున్నీలతో, మగపిల్లలు తువ్వాళ్లతో కట్టుకుంటున్నారు. పట్టీ మధ్యలో తెరుచుకుంటే కుర్చీ వీపు చుట్టూ వేసి క్లిప్పు నొక్కేయొచ్చు.

"రోజంతల బ్యాగు భుజం మీద ఉండేది గంటనే అక్కా. మిగిలిన టైమంతా కుర్చీకే ఉంటది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అది తప్పని కాదు. నాకు తోచనందుకు. అశోక్‌నగర్ సందుల్లో అన్నిసార్లు తిరిగి వాళ్ల భుజాలూ వీపులూ చూశాను గానీ, లోపలికి వెళ్లి వాళ్లు కూర్చునే చోటు ఎన్నడూ చూడలేదు. ఎలా చూస్తాను, ఆ గదుల్లో కూర్చుని చదివిన మనిషినా నేను? కోస్తే పట్టీ బలం పోతుందని చెప్పాను. అయితే తనకిచ్చిన దాన్ని కోసుకోవచ్చా అని అడిగింది. నీకిచ్చింది నీదేగా, నీ ఇష్టం, అన్నాను. అలా అంటే ఏ ఇంట్లోనైనా వద్దనే అర్థం. ఆమె మాటను మాటగానే తీసుకుంది.

నేను మార్కెట్‌కి వెళ్లినప్పుడు నా మిషను మీదే కూర్చుని కుట్టింది. కుట్టు వంకరటింకరగా పాములా పోయింది. అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎమ్మే చదివిన చేతులు గజం నవారును తిన్నగా కుట్టలేవు కదా అనుకుంటూ ఆ పూట అన్నం కొంచెం ఎక్కువే తిన్నాను.

కొన్నాళ్లకు నారాయణగూడ షాపాయన ఫోన్ చేశాడు. పిల్లలు వచ్చి కుర్చీ బ్యాగులు అడుగుతున్నారట. అదేంటో ఆయనకు తెలియదట. మీరు కుట్టినట్టే ఉందంటున్నరు, మధ్యల క్లిప్పు ఉంటదట, అన్నాడు. నా దగ్గర లేవని చెప్పాలనుకున్నాను. నోరు మాత్రం ఎన్ని కావాలని అడిగింది.

అంతే, ఆ తర్వాత నేను కుట్టినవన్నీ కుర్చీ బ్యాగులే. ఒకే నవారును చేతులారా కొలిచి మధ్యకు మడిచి, కత్తెర పెట్టి కోసేదాన్ని. కోసిన ప్రతిసారీ ఆమె ముఖం కనిపించేది. మా ఇంటి వరండా నిండా క్లిప్పులే. అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెప్పేవారు, ఇది మా చిన్న కోడలి ఆలోచన, పెద్దది కుడుతుంది, అని. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

నా కళ్లతో చూడాలనిపించి ఒకరోజు ఆమెకు చెప్పకుండా అశోక్‌నగర్ వెళ్లాను. మధ్యాహ్నం టీ వేళ. రీడింగ్ హాల్ మేడ మీద ఉంది. తలుపు దగ్గర నిలబడి చూస్తే లోపల మనుషులు దాదాపు లేరు. అందరూ కింద బండి దగ్గర టీ తాగుతున్నారు. కుర్చీలన్నిటికీ బ్యాగులు కట్టి ఉన్నాయి. ఎదురుగా పుస్తకాలు తెరిచి ఉన్నాయి, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పిల్లలకు బదులు బ్యాగులే పరీక్షకు చదువుతున్నట్టుంది. సగానికి పైగా నా బ్యాగులే. నా కుట్టు నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను, మూల దగ్గర అడ్డంగా రెండు వరసలు వేస్తాను.

గుండె నిండిపోయింది. ఆ మాట దాచను. కాసేపు కూర్చుందామని చూస్తే ఒక్క కుర్చీ ఖాళీ లేదు. చాలావరకు నా బ్యాగులే ఆపేశాయి.

కిటికీ పక్కన ఒక్క అమ్మాయి చదువుకుంటోంది. ఎవరు కావాలని అడిగింది. ఎవరూ వద్దని, ఈ బ్యాగులు బాగున్నాయని చూస్తున్నానని చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. తన బ్యాగు విప్పి, క్లిప్పు ఎలా నొక్కాలో నాకే నేర్పించింది.

"మా అక్క ఒకామె చేసిందాంటీ ఇది. గీడనే కూసోని చదువుతది. మా పరేషాన్ ఆమెకు తెలుసు కదా," అంది.

ఆమె అక్క, నేను ఆంటీ. కుట్టినది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా కింద నుంచి పిల్లలు పైకి వస్తున్న చప్పుడైంది. దిగి వచ్చేశాను. చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాను, దారంతా ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

తర్వాత లేబుల్ గొడవ వచ్చింది. గొడవ అంటున్నాను గానీ, గొడవే కాలేదు, అదే నా బాధ. బ్యాగు లోపల చిన్న గుడ్డముక్క మీద పేరు వేయించి కుడితే బాగుంటుందని షాపాయన అన్నాడు. ఎవరి పేరు అన్న మాట భోజనాల దగ్గర వచ్చింది. ఇద్దరి పేర్లూ వేయండి, చిన్నదాని పేరు ముందు వేస్తే పిల్లలకు తెలుస్తుంది, అన్నారు అత్తగారు. నేను గరిటె కింద పెట్టేశాను. ఎన్నాళ్ల నుంచో పేర్చుకున్న మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. నా మంచం నవారు, నా రింగులు, నా మెట్లు ఎక్కడం, అన్నీ వరసగా చెప్పాలనుకున్నాను. ఈసారి గెలిచేదాన్నే.

"అక్క పేరే ఏయించుండ్రి అత్తమ్మా. నేను చేసింది ఏమున్నది, ఒక్క కాడ కోసిన," అందామె, పచ్చి పులుసు కలుపుకుంటూ.

అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత మంచి మనసే నీది అన్నారు. లేబుల్ మీద నా పేరే పడింది. ప్రతి బ్యాగులో ఆ గుడ్డముక్క కుడుతూ, ఇది ఆమె ఇచ్చిందే కదా అనుకునేదాన్ని. నాది నాకు ఒకరు దానం చేస్తే ఎలా ఉంటుందో, ఎవరైనా అనుభవించి చూస్తే తెలుస్తుంది. పోట్లాడే తోడికోడళ్లున్న వాళ్లు అదృష్టవంతులు.

రాష్ట్రం వచ్చిందని ఒకరూ విడిపోయిందని ఒకరూ మా ఇంట్లోనే రెండు రకాలుగా అంటున్న ఏడాది, వేసవిలో బర్కత్‌పురలో అత్తగారి తమ్ముడి కూతురి పెళ్లి. పెద్ద కోడలిని కాబట్టి పెళ్లికూతురి గదిలో పిన్నులు పెట్టడం నుంచి పూలజడ దాకా నా నెత్తిన పడింది. ముహూర్తం దాటి, తలంబ్రాలు అయ్యి, నేను బయటపడేసరికి ఇంకో బంతి కూర్చునేసింది. తినేవాళ్ల కుర్చీల వెనక, ఎప్పుడు లేస్తారా అని చూస్తూ జనం నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచి కాఫీ మీదే ఉన్నాను, కళ్లు తిరుగుతున్నాయి.

వరస చివర మా తోడికోడలు కూర్చుని ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీకి ఒక బ్యాగు కట్టి ఉంది. మా అత్తగారి వైపు పెద్దాయన ఒకాయన దాన్ని తీయబోతున్నాడు. అది అక్క సీటండి, వస్తుంది, అని ఆమె మెల్లగా చెబుతోంది. పెళ్లిలో ఈ బ్యాగులు కట్టడాలేంటమ్మా, చోద్యం కాకపోతే, అంటున్నాడాయన. ఆమె నవ్వుతోంది గానీ చేయి మాత్రం బ్యాగు మీద నుంచి తీయలేదు.

నేను వెళ్లి కూర్చున్నాను. అప్పుడు చూశాను. ఆ బ్యాగుకు క్లిప్పు లేదు. అది నా మొదటి రకం, కోత లేనిది. పట్టీని పైకి లాగి పెద్దది చేసి, దాన్ని కుర్చీ వీపులోని సందులోంచి దూర్చి, ఆ పట్టీలోంచి బ్యాగును మొత్తం దూర్చి లాగింది. తాళంచెవికి దారం తగిలిస్తామే, అలా. ఎంత గుంజినా ఊడేలా లేదు. కోయకుండానే.

నేను చూస్తున్నది ఆమె చూసింది.

"మీరు మొదలు కుట్టినవాట్ల ఒకటి దాచుకున్న అక్కా. మొన్న తోచింది ఇది. కోసుడే అవసరం లేకుండె. మీరు చెప్పిందే కరెక్ట్," అంది.

నేనేం చెప్పాను? పట్టీ బలం పోతుందని ఉడుకుమోత్తనంతో ఒక మాట అన్నాను, అంతే. కోయకుండా కట్టే దారి నాకు తెలిసి కాదు. ఇన్నేళ్లు కత్తెర పెట్టి కోసిన ప్రతి నవారూ కోయక్కర్లేదన్నమాట. నా సంచి మొదటి రోజే అన్నీ చేయగలదు, కుర్చీకి కట్టడం కూడా. ఆ సంగతి తెలియడానికి కూడా ఆమే కావాల్సి వచ్చింది. విస్తరిలో పప్పు వేస్తున్నారు. అంత అసూయ నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఏడుపు వచ్చేలా ఉంది, ఆకలి కూడా దంచేస్తోంది. అక్కకు ఇంకో బూరె వేయండని ఆమే వడ్డించేవాళ్లను పిలిచింది. వేయించుకున్నాను, నెయ్యితో సహా.

మేం లేచేసరికి వెనక నిలబడ్డవాళ్లు కుర్చీ పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. తొందరగా బ్యాగు విప్పుదామని అందుకున్నాను. ఇటు లాగితే బిగుస్తోంది, అటు లాగినా బిగుస్తోంది. చేయి కూడా కడుక్కోకుండా, అంతా చూస్తుండగా, నేను కుట్టిన సంచితో నేనే కుస్తీ పడుతున్నాను. కొంచెం ఉండండక్కా అంటూ ఆమె వంగి, ఎడమ చేత్తో ఒక్క చోట వదులు చేసి, విప్పి నాకిచ్చింది.